మచ్చలను లెక్కపెడితే సరిపోదు

కుష్ఠు మచ్చ నుంచి కోసిన చర్మం ముక్కను పరీక్షించే ల్యాబులో వేరుశనగ నూనె ఉంటుంది. మైనంలో అచ్చుపోసి పలుచగా కోసిన ఆ ముక్కకు రంగు పట్టాలంటే ముందు మైనాన్ని జైలీన్‌తో కరిగించాలి. ఉత్త జైలీన్ వాడితే మైనంతో పాటు సూక్ష్మజీవి గోడలోని కొవ్వు కూడా దెబ్బతింటుంది. ఆ కొవ్వు పోతే కార్బాల్ ఫుక్సిన్ ఎరుపు నిలవదు. అందుకే జైలీన్‌లో వేరుశనగ నూనె కలుపుతారు. దీన్ని ఫైట్-ఫరాకో పద్ధతి అంటారు. క్షయకు వాడే మామూలు పద్ధతిలో రంగు వేస్తే రోగం ఉన్నా స్లైడు ఖాళీగా కనిపించవచ్చు.

ఈ వ్యాధిలో ఎటు తవ్వినా కొవ్వే తగులుతుంది. 1873లో నార్వేలోని బెర్గెన్‌లో హాన్సెన్ ఈ సూక్ష్మజీవిని గుర్తించాడు. రోగి చర్మంలో నురగ నిండినట్టుండే కణాలను అంతకుముందే జర్మన్ శాస్త్రవేత్త విర్కో వర్ణించి ఉన్నాడు. అవి క్రిములను మింగి చంపాల్సిన మాక్రోఫేజ్ కణాలు. లోపలికి చేరిన సూక్ష్మజీవి వాటిచేత కొవ్వు కూడబెట్టిస్తుంది. 2001లో దాని జన్యుపటం వెలువడ్డాక ఈ పరాధీనతకు కారణం తెలిసింది: పనిచేసే జన్యువులు సుమారు 1,600 ఉంటే, చెడిపోయి మూలపడినవి 1,100కు పైనే. పరాయి కణం లేకుండా అది బతకలేదు. ఇప్పటికీ దాన్ని ల్యాబు పాత్రలో పెంచడం ఎవరికీ సాధ్యం కాలేదు.

సూక్ష్మజీవి ఒకటే అయినా మచ్చలు ఒక్కలా ఉండవు. ఒకరికి అంచు తేలిన, పొడిబారిన ఒకటి రెండు మచ్చలే వస్తాయి. మరొకరికి ఒళ్లంతా నున్నగా మెరుస్తుంది, చెవి తమ్మెలు దళసరెక్కుతాయి, కనుబొమలు రాలిపోతాయి. తేడా చర్మంలోని రసాయన సంకేతాలది. మొదటి రకంలో ఇంటర్‌ఫెరాన్ గామా, ఇంటర్‌ల్యూకిన్-2 ఎక్కువ. అవి మాక్రోఫేజ్‌లను చంపే పనికి పురిగొల్పుతాయి. ఈ చర్మంలో క్రిములు వెతికినా దొరకవు, కానీ ఆ పోరులో నరమే నలిగిపోతుంది. రెండో రకంలో ఇంటర్‌ల్యూకిన్-4, 10 పెరిగి రక్షణను జోకొడతాయి. క్రిములు కోట్లలో పేరుకుంటాయి.

నరం మీద దాడికీ ఒక కొవ్వు పదార్థమే దారి. సూక్ష్మజీవి గోడలోని గ్లైకోలిపిడ్ నరాల తొడుగైన ష్వాన్ కణాలకు అతుక్కుంటుంది. స్పర్శ పోతుంది, చెమట ఆగుతుంది. మచ్చ పొడిబారడానికి కారణం అదే.

నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో మిషనరీలైన కెర్ దంపతులు 1915లో నెలకొల్పిన ఆసుపత్రిలో ఒకప్పుడు హిడ్నోకార్పస్ గింజల నూనెను సూదిమందుగా ఇచ్చేవారు. అక్కడ పనిచేసిన జాన్ లో అనే వైద్యుడే తర్వాత నైజీరియాలో కుష్ఠు మందు డాప్సోన్‌ను మాత్రగా ఇవ్వవచ్చని చూపించాడు. తెలుగు నేల మీద ఇంత అనుభవం ఉండగా, క్రిములను స్లైడు మీద గుర్తించే ల్యాబు విద్యను చేజార్చుకోవడం బాధాకరం.

2005 డిసెంబరు నాటికి దేశంలో పదివేల మందికి ఒక్క కేసు కన్నా తగ్గిందని, ప్రజారోగ్య సమస్యగా కుష్ఠు తొలగిందని ప్రకటించారు. తొలగడమంటే లేకుండా పోవడం కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేడు మచ్చలు లెక్కపెట్టి, ఐదు దాకా అయితే ఆరు నెలలు, అంతకు మించితే ఏడాది మందు ఇస్తారు. ఉచిత మందు ఊరూరా అందడానికి ఆ లెక్క ఎంతో మేలు చేసింది. అయితే రెండో రకం రోగికి తొలిరోజుల్లో విడివిడిగా లెక్కపెట్టదగ్గ మచ్చలు ఉండకపోవచ్చు, స్పర్శా పోకపోవచ్చు. అత్యధికంగా క్రిములు మోస్తున్న ఆ మనిషే లెక్కకు అందకుండా పోతాడు.

అతన్ని పట్టిచ్చేది చెవి తమ్మె నుంచి గీరి తీసి గాజు పలక మీద పూసే స్మియర్. దానికి ఒక బ్లేడు, గాజు పలక, రంగు, సూక్ష్మదర్శిని, చేయి తిరిగిన టెక్నీషియన్ చాలు. ఈ పని తెలిసిన టెక్నీషియన్లు పదవీ విరమణ చేసేలోగా జిల్లాకు ఇద్దరికైనా దాన్ని నేర్పించమని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలూ ఉత్తర్వు ఇవ్వాలి.