డ్రెయిన్ నట్టు లేని బండి

పోయిన శనివారం పొద్దున ఎనిమిదింటికి బండి కిందికి దూరినవాణ్ణి, బయటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. మోచేతుల దాకా నూనె, జుట్టులో నూనె, చెవిలో కూడా నూనె :). ఇంతకీ చేసిన ఘనకార్యం ఏమిటంటే, నా పాత పికప్ ట్రక్కుకి ట్రాన్స్‌మిషన్ అడుగున ఉండే పాన్ తీసేసి, బయట కొన్న ఇంకో పాన్ బిగించడం. రెండిటికీ తేడా ఏమిటయ్యా అంటే, కొత్తదానికి అడుగున ఒక డ్రెయిన్ నట్టు ఉంది. పాతదానికి లేదు. అంతే. ఆ ఒక్క నట్టు కోసమే ఈ గోలంతా.

డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ వాడికి పికప్ ఎందుకని అడక్కండి. ఇక్కడ తెలుగువాళ్ళు ఇల్లు మారినప్పుడల్లా సోఫాలూ, మంచాలూ మోసేది నా బండే. కిరాయి ఒక పూట బిర్యానీ. పన్నెండేళ్ళ పాత బండి, నా చేతికొచ్చి రెండేళ్ళయింది. అమ్మినాయన్ని "ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఎప్పుడు మార్చారండీ" అని అడిగితే, "అది మార్చక్కర్లేదుగా, జీవితాంతం వస్తుంది" అన్నాడు. ఎవరి జీవితాంతం అన్నది ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. బండి ఉన్నంతకాలమా, వారంటీ ఉన్నంతకాలమా?

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్‌లో ఆయిల్ పళ్ళ చక్రాలని తడపడానికి మాత్రమే కాదు. ఇంజన్ తిప్పే శక్తిని టార్క్ కన్వర్టర్‌లో చక్రాల వైపుకి మోసుకెళ్ళేది ఆ ఆయిలే, లోపల క్లచ్చుల్ని నొక్కిపట్టేదీ అదే, వేడిని బయటికి తీసుకెళ్ళేదీ అదే. కాబట్టి అది మాడితే అన్నీ మాడతాయి. ఆ ఆయిల్ వచ్చి చేరే తట్టే ఈ పాన్. లోపల ఒక ఫిల్టరు, అడుగున ఒక అయస్కాంతం. అరిగిన ఇనప పొడి ఆ అయస్కాంతానికి అంటుకుంటుంది. బూడిద రంగు ముద్దలా మెత్తగా ఉంటే మామూలు అరుగుదల. చేతికి పెచ్చులు తగిలితే మాత్రం డబ్బులు సర్దుకోవడం మొదలుపెట్టాలి.

చాలా బండ్లలో కంపెనీ వేసిన పాన్‌కి డ్రెయిన్ నట్టు ఉండదు. ఆయిల్ తీయాలంటే చుట్టూ ఉన్న బోల్టులన్నీ (నా దానికి 16) విప్పి, ప్యాకింగ్ ఊడదీసి, నిండు తట్టని మీద పోసుకోకుండా కిందికి దించాలి. ఇది మనిషికి సాధ్యమయ్యే పని కాదని శనివారం రుజువు చేశాను.

మధ్యలో పదకొండింటికి మా బాబాయికి ఫోన్ చేశాను. అక్కడ వేటపాలెంలో రాత్రి తొమ్మిదిన్నర. వీడియోలో నన్ను చూసి ముందు భయపడ్డాడు. తర్వాత విషయం విని నవ్వాడు.

"ఏందిరా, అంత పెద్ద బండి, అమెరికా బండి, దానికి అడుగున నట్టు కూడా లేదా? మన బండికే ఉండె గదరా!"

నిజమే. మన ఊళ్ళల్లో తిరిగే పికప్పులు చాలావరకు చేత్తో గేర్లు మార్చేవి. వాటి గేర్‌బాక్సుకి పక్కన ఒక నట్టు, అడుగున ఒక నట్టు. అడుగుది విప్పితే పాతది కారిపోతుంది, పక్కదాంట్లోంచి కొత్తది పోయాలి. పక్క కన్నం అంచు దాకా వస్తే నిండినట్టు. ఒక స్పానరు, ఒక డబ్బా, అరగంట. చీరాలలో మా బాబాయి బండి చూసే మేస్త్రి ఒకమాట చెప్పేవాడు. "అబ్బాయ్, పోసే నట్టు ఊడకుండా కారే నట్టు ముట్టుకోబాక" అని. ఆయిలంతా కార్చేశాక పై నట్టు తుప్పుపట్టి ఊడకపోతే బండి అక్కడే ఆగిపోతుంది కదా! నాలుగేళ్ళు ఇంజినీరింగ్ చదివినా ఇంత పనికొచ్చే వాక్యం నాకు ఏ సారూ చెప్పలేదు.

మా ఊరంటే బయటివాళ్ళకి సారస్వత నికేతనం గ్రంథాలయం గుర్తొస్తుంది, లేదంటే జీడిపప్పు. మా ఇంట్లో నాన్నది మగ్గం, బాబాయిది బండి. జీడిగింజల బస్తాలు, బట్టల మూటలు, సీజన్‌లో మిరప టిక్కీలు, ఏది దొరికితే అది. 2013లో, నేను ఇంటర్ చదువుతుండగా, అప్పుడున్న సెకండ్ హ్యాండ్ బండి బాపట్ల రోడ్డులో లోడుతో ఆగిపోయింది. గేర్‌బాక్సు పట్టేసింది. సీలు కారి ఆయిల్ ఎప్పుడో అయిపోయింది. అంతకు నెల ముందే సర్వీసు చేసినవాడు "అంతా బాగుంది" అన్నాడు, బాబాయి నమ్మాడు. సరుకు వేరే బండికెక్కించడం, గేర్‌బాక్సు దించడం, రెండు వారాలు కిరాయి లేకపోవడం, పైగా వడ్డీకి తెచ్చిన అప్పు. నా చదువుకి పక్కన పెట్టిన డబ్బు దానికే పోయింది. తర్వాత ఏడు ఇంజినీరింగ్ ఫీజు కట్టింది కూడా ఆ బండే, అది వేరే సంగతి.

అప్పట్నుంచి బాబాయికి ఒక అలవాటు. ప్రతి అమావాస్యకీ బండి కడిగి, నిమ్మకాయలు కట్టేముందు కిందికి దూరి, పక్క నట్టు విప్పి వేలు పెట్టి చూస్తాడు. వేలికి ఆయిల్ తగిలితేనే కొబ్బరికాయ. ఆ గేర్‌బాక్సు మళ్ళీ ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. నిమ్మకాయల మహిమ ఎంతో, వేలి మహిమ ఎంతో మీరే తేల్చుకోండి :)

నేను చెప్పదలుచుకున్నది ఇదే. యంత్రం ఎన్నాళ్ళు బతుకుతుందనేది తయారుచేసినవాడి నైపుణ్యం మీద ఎంత ఆధారపడుతుందో, వాడేవాడు దాని లోపలికి ఎంత సులువుగా చూడగలడనే దాని మీదా అంతే ఆధారపడుతుంది. సులువుగా ఉంటే చూస్తాం. కష్టంగా ఉంటే "వచ్చే నెల చూద్దాంలే" అంటాం. నట్టు లేని పాన్ "నువ్వు చూడక్కర్లేదు" అని చెప్తుంది. అది చెప్పేది కంపెనీ, రిపేరు ఖర్చు పెట్టుకునేది మనం.

కాస్త లెక్క చూడండి. నా బండి ట్రాన్స్‌మిషన్‌లో మొత్తం ఆయిల్ సుమారు 11 క్వార్టులు (క్వార్టంటే లీటరుకి కొంచెం తక్కువ). పాన్ దించితే వచ్చేది 5 మాత్రమే. మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనూ, గొట్టాల్లోనూ ఉండిపోతుంది. అంటే అంత కష్టపడి సగం కూడా మార్చలేం. కొత్త పాన్ కొంచెం లోతు, ఇంకో 2 క్వార్టులు పడుతుంది. మొదటిసారి 7 క్వార్టుల కొత్తది పోస్తే మొత్తంలో కొత్తది 54 శాతం. కొన్నాళ్ళు తిప్పి, నట్టు విప్పి ఇంకో 7 మారిస్తే 79 శాతం. మూడోసారికి 90. నట్టు ఉంటే ఈ మూడుసార్లూ మూడు అరగంటల పని. లేకపోతే మూడు శనివారాలు. ఎవడు చేస్తాడండీ మూడు శనివారాలు?

ఇప్పుడు పాన్‌లు అమ్మేవాళ్ళ సంగతి. వీళ్ళూ తక్కువ తినలేదు. రెక్కలున్న అల్యూమినియం పాన్ వేస్తే ట్రాన్స్‌మిషన్ చల్లగా ఉంటుంది, రెట్టింపు కాలం వస్తుంది అని ఊదరగొడతారు. ఆయిల్ ఎక్కువుంటే వేడెక్కడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది, నిజమే. కానీ టెక్సాస్ ఎండాకాలంలో 38 డిగ్రీల ఎండలో గంటసేపు బరువు లాగితే, చివరికి వేడి తగ్గించాల్సింది ముందున్న ఆయిల్ కూలరే. పాన్ వల్ల అయ్యేది కొంతే. పైగా లోతు పాన్‌తో వేరే తిప్పలున్నాయి: కిందికి వేలాడితే రాయి తగలొచ్చు, సైలెన్సర్ గొట్టానికి అడ్డం రావచ్చు, కొన్నిటికి ఫిల్టరు కూడా దానికి తగ్గది వేయాలి. అందుకని నన్నడిగితే లోతుకి కాదు, నట్టుకి డబ్బు పెట్టండి. కంపెనీ పాన్ అంత లోతే ఉండి నట్టున్న మామూలు స్టీలు పాన్‌లు కూడా దొరుకుతాయి, చవగ్గా. మళ్ళీ కొనాల్సొస్తే నేను అదే కొంటాను.

నా తప్పు కూడా చెప్పేస్తాను. బోల్టులు బిగించేటప్పుడు "గట్టిగా ఉంటే కారదు" అనుకుని మొదటి నాలుగూ బలంకొద్దీ బిగించాను. రబ్బరు ప్యాకింగ్ పక్కకి ఉబ్బింది. మళ్ళీ విప్పి, పుస్తకంలో చెప్పినట్టు టార్క్ రెంచితో సుమారు 11 న్యూటన్ మీటర్లకి, ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగిస్తే అప్పుడు కుదిరింది. 11 అంటే మణికట్టు బలం చాలు, భుజం అక్కర్లేదు. ఇంకోటి, జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి వెళ్ళకండి. స్టాండ్లు పెట్టుకోండి. నూనె కడిగితే పోతుంది, మనిషి పోతే రాడు.

"మూసేసి ఉంచడమే మంచిది, తెలియనివాళ్ళు ఏది పడితే ఆ ఆయిల్ పోసి పాడు చేస్తారు" అనేవాళ్ళున్నారు. ఈ వాదనలో న్యాయం లేకపోలేదు. ఆటోమేటిక్‌లో తప్పు ఆయిల్ పోస్తే నిజంగానే నాశనమవుతుంది, మట్టి పడినా అంతే. కానీ దానికి మందు ఏ ఆయిల్ పోయాలో నట్టు పక్కనే పెద్దక్షరాలతో రాయడం. నట్టు తీసేయడం కాదు. పిల్లలు చెయ్యి కాల్చుకుంటారని ఇంట్లో పొయ్యి తీసేస్తామా?

ఇది ఒక్క నా చాదస్తమే అనుకోకండి. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, బయటి విడిభాగం వాడారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ ఎగ్గొట్టడం కుదరదు. ఆ భాగం వల్లే చెడిందని వాళ్ళు చూపించాలి. 2012లో మసాచుసెట్స్ ఓటర్లు బండి రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకీ ఇవ్వాలని ఓటేశారు. మన దగ్గర 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్లకి పైగా జరిమానా వేసింది. విడిభాగాలూ, లోపాలు కనిపెట్టే పరికరాలూ బయటి మెకానిక్కులకి అందనివ్వట్లేదని. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయనుకోండి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ కూడా తెరిచింది, అందులో వాహనాలూ ఉన్నాయి. అంటే సమస్య ఉందని సర్కారుకీ తెలుసు. మా చీరాల మేస్త్రికి ఈ పోర్టల్ సంగతి తెలుసా అంటే, అది వేరే ప్రశ్న.

సాఫ్ట్‌వేర్‌లో నేను రోజూ చూసేదీ ఇదే. మా ఆఫీసులో ఒక పాత ప్రోగ్రాం ఉంది. రాసినవాడు చాలా తెలివైనవాడు, అందుకే లాగ్ ఫైలు అక్కర్లేదనుకున్నాడు. ఆరేళ్ళు బాగా నడిచింది. ఒకరోజు ఆగింది. లోపలేం జరుగుతోందో చూడ్డానికి కన్నం లేదు. మూడు రాత్రులు మేం నలుగురం 16 బోల్టులూ విప్పుతూ కూర్చున్నాం. అప్పట్నుంచి నేను రాసే ప్రతి దాన్లో ఒక డ్రెయిన్ నట్టు పెడతాను. నా తెలివి మీద నమ్మకం లేక కాదు, నా తర్వాత వచ్చేవాడి శనివారం మీద జాలితో.

మా నాన్న మగ్గంలో దాచిపెట్టింది ఏమీ లేదు. నాడె విరిగినా, తాడు తెగినా ఏం పోయిందో ఎదురుగా కనిపిస్తుంది. ఆ మగ్గం మా తాతది. అది ఇన్నాళ్ళు రావడానికి కారణం చెక్క గొప్పతనం ఒక్కటే అనుకోను.

ఇప్పుడిదంతా ఎందుకు రాస్తున్నానంటే, మన దగ్గరికీ ఆటోమేటిక్ పికప్పులు వచ్చేశాయి. ఇసుజు వాళ్ళు 2016 నుంచి మన శ్రీసిటీలోనే పికప్పులు తయారు చేస్తున్నారు, టొయోటా హైలక్స్ 2022లో దేశంలోకి వచ్చింది, రెండిట్లోనూ ఆటోమేటిక్ రకాలు అమ్మారు. ఇప్పటికి అవి డబ్బున్నవాళ్ళ బండ్లే. కానీ మోకాలి నొప్పితో రోజంతా క్లచ్చు తొక్కే మా బాబాయిలాంటి వాళ్ళకి రేపు ఆటోమేటిక్ కావాలనిపించడంలో తప్పేముంది? నాకైతే ఆయన అది కొనుక్కోవాలనే ఉంది. మొన్న ఫోన్ పెట్టేసేముందు ఆయనే అడిగాడు, "ఈసారి బండి మారిస్తే క్లచ్చు లేనిది చూద్దామా?" అని.

"చూద్దాం బాబాయ్. కాకపోతే షోరూంలో మైలేజీ అడిగేముందు, అడుగున నట్టుందా, ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో రాసిస్తారా అని అడుగు" అన్నాను.

"లేదంటే?"

"లేదంటే నాకు ఫోన్ చెయ్యి. పాన్ మార్చడం నేర్చుకున్నాగా."

"వద్దులే నాయనా, ముందు నువ్వు స్నానం చెయ్యి" అన్నాడు.