ఇంటి నేయి, అంగడి నేయి

మన సంఘసభ్యులలో పాడిగేదెలు గలవారు పెక్కుమంది. వేకువను పితికిన పాలన్నియు కేంద్రమునకు పోసి, సాయంకాలము అంగడిలో నేయి కొని తెచ్చుకొనువారును వారిలో లేకపోలేదు. ఈ పద్ధతి మాకు సమ్మతము గాదు.

లెక్క చూతము. గేదెపాలలో సాధారణముగా నూటికి 6 మొదలు 8 పాళ్లు కొవ్వుండును. దినమునకు 1 లీటరు చొప్పున 10 దినములు తోడుపెట్టి చిలికినచో, మజ్జిగలో నిలిచినది పోను, సుమారు అరకిలో నేయి దొరకును. పిల్లలకు మజ్జిగ అదనపు లాభము.

నేతిలో నూటికి 99.5 పాళ్లు పాలకొవ్వే యుండవలెనని ప్రభుత్వ నియమము. అయినను వనస్పతి కలిపిన నేతిని కంటితో గుర్తించుట దుర్లభము; పరీక్షాలయమునకు పంపినగాని నిజము తేలదు. కొనక తప్పనివారు 1937వ సంవత్సరపు చట్టము ననుసరించి వేయు అగ్‌మార్కు ముద్ర చూచి కొనుట మేలు.

కాచుటలో మెలకువ వలయును. వెన్నను చన్నీట రెండుమూడు మాఱులు కడుగవలెను. చిరకాలము నిలువయుంచిన వెన్న పులిసి నేతికి చెడువాసన తెచ్చును. అడుగు మందమైన గిన్నెలో సన్నని సెగపై కాచునపుడు వినవచ్చు చిటపట ధ్వని, వెన్నలోని నీరు ఆవిరియగుటచే కలుగును. అది అణగి, గసి యెఱ్ఱబడగనే దింపవలెను. ముందుగా దింపిన నీరు నిలిచి నేయి చెడును, ఆలసించిన మాడును. కడపట మునగాకో తమలపాకో వేయుట మన యాచారము. కదల్పక మెల్లగా చల్లారనిచ్చిన చక్కగా పూసకట్టును.

ఇట్లయిన సంఘమునకు పాలు తగ్గునని కొందఱనవచ్చును. తగ్గుగాక! సభ్యుని బిడ్డలకు నేయి లేకుండ చేసి సంఘము బాగుపడనక్కఱలేదు. అయితే మీగడ తీసికొని మిగిలిన పాలు కేంద్రమునకు పోయుట మాత్రము తగదు. కొవ్వునుబట్టియే వెల గట్టుదురు గనుక అందు లాభములేదు. పదిమంది పాలు ఒక్కచో చేరునపుడు అది తోడి రైతులకును నష్టము. ఇంటికి వలసిన పాలను వేఱుగా తీసియుంచి, తక్కినవి ఉన్నవున్నట్లు పోయుటయే న్యాయము.

చిలుకు శ్రమ యంతయు స్త్రీలదే యగుటయు మేమెఱుగుదుము. నేయి అందఱును తిందురు గదా! కవ్వపు త్రాడు పురుషులును పట్టుదురుగాక. పాడి గల యింట నేయి కొనుట యిక మానుదము.