తిత్తి నీటిని పారబోయరాదు

బడిలో నల్లబల్ల మీది అక్షరాలు కనిపించడం లేదని పిల్ల చెబితే పాలకుర్తి ప్రాంతంలో తల్లిదండ్రులు ముందు కళ్లద్దాల దుకాణానికే తీసుకుపోతారు. అందులో తప్పులేదు. కాని అద్దాలు పెట్టినా చూపు తగ్గుతూనే ఉంటే, పక్క నుంచి వచ్చే బండి కనిపించకపోతే, తెల్లవారగానే తలనొప్పి, వాంతులు వస్తుంటే, తోటి పిల్లలతో సమంగా ఎత్తు పెరగకపోతే అది ఒక్క కంటి జబ్బే కాకపోవచ్చు. గాలి సోకిందని తాయెత్తు కట్టించి నెలలు గడిపితే పోయిన చూపు తిరిగి రాదు. సోమేశ్వరుని గుట్టకు మొక్కుకోవడం ఎవరి ఇష్టం వారిది. స్కానింగు మాత్రం ఆపరాదు.

కంటి నరాలు కలిసేచోట, పీయూష గ్రంథి పక్కన పుట్టే గడ్డ ఒకటుంది. పేరు క్రేనియోఫారింజియోమా. అరుదైనదే, క్యాన్సర్ కాదు, అంటువ్యాధి అసలే కాదు. పిల్లల్లో 5 నుంచి 14 ఏళ్ల మధ్య ఎక్కువగా బయటపడుతుంది. ఈ గడ్డలో తరచు నీటి తిత్తి ఉంటుంది. ఆ నీరు మోటారులోంచి తీసిన పాత ఆయిలులా చిక్కగా, కొలెస్టరాల్ రేణువులతో మెరుస్తూ ఉంటుంది. అది చింది మెదడు పొరలకు తగిలితే అవి వాస్తాయి.

ఎందుకు వాస్తాయో ఆ నీటిలోనే జవాబు వెతుకుతున్నారు. ఇంటర్‌ల్యూకిన్-6 వంటి, వాపు పుట్టించే ప్రోటీన్లు అందులో ఎక్కువగా ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. ఆ ప్రోటీనును అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే మందు కీళ్లవాతానికి ముందునుంచీ వాడుకలో ఉన్నదే. దానిని ఇద్దరు పిల్లలకు ఇచ్చి చూడగా తిత్తులు తగ్గాయని అమెరికాలోని కొలరాడో వైద్యులు 2019లో ప్రకటించారు. ఇద్దరితో తీర్పు చెప్పలేము. అయినా పసివాళ్ల తల పదేపదే తెరవవలసిన అవసరం తగ్గుతుందేమోనన్న ఆశకు అది ఆధారం.

జబ్బు అరుదైనది కనుకనే ప్రతి చెంచాడు నీరూ విలువైనది. వరంగల్‌లోగాని, హైదరాబాద్‌లోగాని ఆపరేషన్‌లో తీసిన తిత్తి నీటిని తల్లిదండ్రుల అనుమతితో శీతల పెట్టెలో భద్రపరచి పరీక్షకు పంపే ఏర్పాటు ప్రభుత్వ దవాఖానాలన్నింటిలో ఉండాలి. ఖర్చు పెద్దది కాదు. కావలసింది ఒక ఉత్తర్వు, ఒక రిజిస్టరు.

అంతకుముందు పిల్ల అక్కడికి చేరాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు భరించినా, పోయిన కూలి ఎవరూ ఇవ్వరు. బడుల్లో కంటి పరీక్షకు వచ్చే సిబ్బంది అక్షరాల పటంతో సరిపెట్టక, పక్క చూపును కూడా వేలు కదిలించి చూడాలి. అనుమానం వస్తే అదే రోజు చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపాలి.