నేల విడిచిన సాము

నేల విడిచి సాము చేయరాదని పెద్దల హెచ్చరిక. ఆధారం లేని ప్రగల్భాలను ఎత్తిచూపడానికి మనం ఆ సామెతను వాడుతుంటాం. అయితే నిజంగానే నేల విడిచి చేసే సాము ఒకటి లోకంలో ఉన్నది. కాళ్లకు స్కీ పలకలు తగిలించుకొని, లేదా స్నోబోర్డు అనే ఒకే వెడల్పాటి పలకపై నిలబడి, మంచుకొండపై జారుతూ వచ్చి, రాతిగోడ అంచునుండి గాలిలోకి దూకి, కింద పరచుకొన్న పొడిమంచుపై దిగి, ఆగకుండా సాగిపోవడమే ఆ విద్య. మాఘమాసపు పొగమంచు తప్ప వేరు మంచు ఎరుగని మన విద్యార్థులు సైతం ఈనాడు చేతిలోని ఫోనులో ఈ దూకుళ్లను చూసి అబ్బురపడుతున్నారు. ఆ అబ్బురపాటును మేము తప్పుపట్టం. కాని వారు చూస్తున్నది ఆ విద్యలో అతి స్వల్ప భాగమని, అసలు సాహసం ఆ చిత్రాలకు అందని చోట ఉన్నదని మా అభిప్రాయం.

ఐదు మీటర్ల గోడమీదినుండి కిందికి చేరడానికి పట్టే కాలం సుమారు ఒక్క సెకను. ఆ సెకనుకు ముందు జరగవలసిన పని ఎంతో ఉన్నది. మొదట కింద నిలబడి, దుర్భిణితో, కొండముఖాన్ని పాఠం చదివినట్లు చదవవలె. దూకే అంచు ఎక్కడ? దిగే చోటు ఎట్టిది? దిగిన తరువాత వేగం తగ్గించుకొనడానికి అడ్డులేని బయలు ఉన్నదా? ఈ మూడింటికి జవాబు దొరకనిదే పైకి పోరాదు. కిందినుండి స్పష్టంగా కనిపించిన గోడ పైకి వెళ్లిన వానికి కనిపించదు. వాలు అంచుదగ్గర గుండ్రంగా వంగి, ఆవల ఉన్నదంతా కప్పివేస్తుంది. కుడివైపున ఉన్నది ఎడమవైపుకు వస్తుంది. అందుచేత ఒక ఒంటరి చెట్టును, ఒక నల్లని బండను ముందే గుర్తు పెట్టుకోవలె. అంచున గాలి కట్టిన మంచుచూరు ఉన్నదేమో చూడవలె. దానికింద ఆధారం ఉండదు. దిగే చోట పొడవైన కడ్డీ గుచ్చి లోతు తెలుసుకోవలె. పలుచని మంచుకింద రాయి దాగి ఉండవచ్చు. ఒక మిత్రుడు కింద, పక్కగా నిలబడి కనిపెట్టి ఉండవలె. ఇదంతా చూపు, దూకుడు దీని తరువాతి మాట.

భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. ఐదు మీటర్లు పడిన మనిషి వేగం గంటకు సుమారు 36 కిలోమీటర్లు. కాళ్ల వంపును లెక్కలోకి తీసుకోకపోతే, గట్టి నేలపై పది సెంటీమీటర్లలో ఆగవలసి వచ్చినవాని దేహంపై అతని బరువుకు సుమారు యాభై రెట్ల బలం పడుతుంది. అర మీటరు లోతు మెత్తని మంచులో ఆగితే అది పది రెట్లకు తగ్గుతుంది. దిగే చోటు ఏటవాలుగా ఉంటే ఆ వేగంలో కొంత ముందుకు మళ్లి, దెబ్బ ఇంకా తగ్గుతుంది. కనుక దూకేవానిని కాపాడేవి రెండు: మెత్తని మంచు, ఏటవాలు నేల.

విచిత్రమేమనగా, అతనికి ప్రాణాంతకమైనవి కూడా ఆ రెండే. మంచుచరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుండి 45 డిగ్రీల వాలులలో. అదీ కొత్త మంచు దట్టంగా కురిసిన వెంటనే. ఎగిరి దిగినవాని తాకిడే ఆ పొరను కదిలించవచ్చు. కాశ్మీరులోని గుల్‌మర్గ్ అంటే పూలబయలు. అక్కడ అఫర్వత్ పర్వతంపై సుమారు 3,950 మీటర్ల ఎత్తుకు తీగమార్గం ఉన్నది. అక్కడి పొడిమంచు కోసం దేశదేశాలవారు వస్తారు. ఆ ప్రాంతంలోనే 2024 ఫిబ్రవరిలో మంచుచరియ విరిగిపడి ఒక రష్యా దేశస్థుడు మరణించాడు. మంచులో కూరుకుపోయిన వానిని పది పదిహేను నిమిషాలలో వెలికి తీయకపోతే బ్రతుకుపై ఆశ వేగంగా సన్నగిల్లుతుంది. అందుకే సంకేతయంత్రం, కడ్డీ, పార అనే మూడూ, వాటిని వాడనేర్చిన తోడూ లేనిదే అట్టి చోట్లకు పోరాదంటారు.

ఇక ఎత్తుల లెక్క. 2006లో అమెరికాలోని వయోమింగ్‌లో జేమీ పియెర్ 255 అడుగుల ఎత్తునుండి దూకాడు. తలక్రిందులుగా మంచులో దిగబడితే మిత్రులు తవ్వి తీశారు. స్వల్ప గాయంతో బయటపడ్డాడు. 2008లో నార్వేలో ఫ్రెడ్ సైవర్‌సెన్ 107 మీటర్ల గోడనుండి పడి ప్రాణాలతో మిగిలాడు. లోకం దానిని కొత్త రికార్డు అన్నది. అయితే అతడు ఆ గోడను దూకదలచలేదు. వేగంలో దారి తప్పాడు! దారి తప్పినవాడు సైతం అందుకోగల అంకె ధైర్యానికి కొలబద్ద ఎట్లా కాగలదు? 2011 నవంబరులో పియెర్ మరణించింది పెద్ద దూకుడులో కాదు. యూటా రాష్ట్రంలో జారిన మంచు అతన్ని రాళ్లమీదుగా ఈడ్చుకొనిపోయింది. కొండ మనిషి కీర్తిని లెక్కచేయదు.

ఈ విద్యలో ఆరితేరినవారి కొలమానం వేరు. స్విట్జర్లాండులోని వెర్బియే వద్ద బెక్ దె రోస్ శిఖరంపై 1996 నుండి ప్రసిద్ధమైన పోటీలు జరుగుతున్నాయి. అక్కడ పాల్గొనేవారు ముందుగా ఆ ముఖంపై జారి చూడరాదు. దుర్భిణితో పరికించి దారి ఎంచుకోవలె. న్యాయనిర్ణేతలు దూకుడును మాత్రమే చూడరు. ఎంచుకొన్న దారిని, అదుపును, తడబాటులేని నడకను కూడా తూచి మార్కులు వేస్తారు. ఎంత ఎత్తునుండి దూకినా అదుపు తప్పినవానికి మార్కులు తగ్గుతాయి.

అట్లయితే ఈ ప్రమాదకర క్రీడను నిషేధించడమే మేలు కదా అని కొందరు పెద్దలు అనవచ్చు. మేము ఏకీభవించం. మన పల్లెలలో పిల్లలు బావిగట్టు మీదినుండి దూకి ఈత నేర్చినవారే. నడుముకు బెండ్లు కట్టి, నీరెంత లోతో, రాయి ఏ మూలనున్నదో చెప్పి, గట్టున నిలబడి చూసినవారు పెద్దలే. నిషేధం యువకుని ఉత్సాహాన్ని చంపదు. అతనిని తోడులేకుండా, చాటుగా పోయేటట్లు చేస్తుంది. కావలసినది శిక్షణ, తోడు, ఓర్పు.

మన విద్యార్థులలో మంచుకొండ ఎక్కేవారు బహుశా అరుదు. కాని విహారయాత్రలలో జలపాతాల అంచులు, నీరు నిండిన క్వారీ గుంతలు మనకూ ఉన్నవి. ఫోటో కోసం చివరి రాయిపై నిలబడే తొందరా ఉన్నది. కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే: యాత్రకు ముందు చోటు ఎరిగిన వారిని పంపి చూడనివ్వండి. విద్యార్థి మిత్రులారా! అంచుదాకా వెళ్లి, పరికించి, “ఈ రోజు వద్దు” అని వెనుదిరిగిన తోటివానిని పిరికివాడని నవ్వకండి. అతనిని ఎవరూ చిత్రం తీయరు, చప్పట్లూ ఉండవు. అయినా సాము తెలిసినవాడు అతడే, నేలను మరువనివాడూ అతడే.