ఆఫీసే కదా అంటే కుదరదు

‘ఫ్యాక్టరీ కాదు కదా, ఆఫీసే కదా! దానివల్ల కాలుష్యం ఏముంటుంది?’ నగరం నడిబొడ్డున ప్రభుత్వం కొత్త కార్యాలయ భవనం తలపెట్టినప్పుడల్లా వినిపించే మాట ఇది. కాదన్న చుట్టుపక్కల జనానికి అభివృద్ధి నిరోధకులన్న ముద్ర పడుతుంది. చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్న ఈ వాదన పూర్తిగా తప్పు. హైదరాబాద్ సచివాలయమే అందుకు సాక్ష్యం.

కొత్త సచివాలయానికి 2019 జూన్ 27న శంకుస్థాపన చేశారు. దాని నమూనాకు మంత్రివర్గం ఆమోదం దొరికింది 2020 ఆగస్టులో. అంటే ఏం కడతారో తేలకముందే పునాదిరాయి పడింది. ఈ మధ్యలోనే, 2020 జులై 7న తెల్లవారకముందే పాత భవనాల కూల్చివేత మొదలైంది. ఆ ప్రాంగణంలో 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్ ఉండేది. ఇరవయ్యేళ్లు కూడా నిండని బ్లాకులూ ఉండేవి. ఫైరింజన్ తిరగడానికి చోటు లేదనీ, బ్లాకులు చెల్లాచెదురుగా ఉన్నాయనీ సర్కారు చెప్పిన కారణాలను కొట్టిపారేయలేం. కానీ పాతబడినవాటిని బాగుచేసుకోవడం వేరు, గట్టిగా నిలిచి ఉన్నవాటిని కూడా కలిపి నేలమట్టం చేయడం వేరు.

కాలుష్యం పొగగొట్టంలోంచే రావాలని లేదు. సిమెంటు కోసం సున్నపురాయిని కాల్చినప్పుడు ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కొలిమికి వాడే బొగ్గు దానికి అదనం. టన్ను సిమెంటుకు అర టన్నుకు పైగానే ఈ వాయువు గాలిలో కలుస్తుంది. నిలబడి ఉన్న భవనం విషయంలో ఆ నష్టం ఎప్పుడో జరిగిపోయింది. దాన్ని కూల్చి 10 లక్షల చదరపు అడుగులకు మించి కొత్తగా కడితే ఆ నష్టాన్ని మళ్లీ మొదటి నుంచీ చేసినట్టే. పైకప్పు మీద సౌర ఫలకాలు పెట్టి ‘హరిత భవనం’ అని పేరు పెట్టినంత మాత్రాన ఆ లెక్క చెరిగిపోదు. శిథిలాల సంగతీ అంతే. వాటిని తిరిగి వాడుకునేలా మార్చే ప్లాంటు జీడిమెట్లలో మొదలైంది 2020 నవంబరులో. కూల్చివేత జులైలోనే మొదలుపెట్టేశారు. నాలుగు నెలలు ఆగితే ఏం పోయేది?

ఇంతకన్నా బాధపెట్టేది చట్టం తీరు. 20 వేల చదరపు మీటర్లు దాటిన నిర్మాణానికి పర్యావరణ అనుమతి తప్పనిసరని 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతోంది. కానీ భవన నిర్మాణాలను ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయించింది కూడా అదే నోటిఫికేషన్. కూల్చివేత అంటే నిర్మాణానికి నేలను సిద్ధం చేయడమే కదా, దానికీ ముందస్తు అనుమతి ఉండాలి కదా అని సచివాలయం కూల్చివేతను సవాలు చేసిన పిటిషనర్లు హైకోర్టులో వాదించారు. అక్కర్లేదని కేంద్రం చెప్పింది. 2020 జులై 17న కూల్చివేతపై ఉన్న స్టే తొలగిపోయింది. న్యాయస్థానం తీర్పును గౌరవిస్తూనే అడుగుతున్నాను: దుమ్ము పీల్చేది పక్కవీధి వాళ్లయినప్పుడు, వాళ్లను ఒక్క మాట అడగనక్కర్లేని అనుమతి ఎవరి రక్షణ కోసం?

పెద్ద ఆఫీసు పక్కన కాపురమంటే ఏమిటో కలెక్టరేట్ దగ్గర ఉండేవాళ్లకు తెలుసు. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణి రోజున సందుల్లో బండి కదలదు. జిరాక్స్ షాపులు, టీ బండ్లు, ఆటోలు వస్తాయి. వాటి మీద నాకు కోపం లేదు, అర్జీ పట్టుకొచ్చిన మనిషికి అవి కావాలి. కానీ వాటికి చోటెక్కడో, ఆ జనానికి మరుగుదొడ్డి ఎక్కడో, బస్సు ఎక్కడ ఆగుతుందో ప్లానులో చూపించమంటే ప్రహరీ లోపలి పార్కింగ్ మాత్రమే చూపిస్తారు. భవనం భారం మోసేది గేటు బయటి వీధి. ఆ వీధి లెక్కలోకే రాదు. అన్ని శాఖలూ ఒకే గొడుగు కిందకి వస్తే జనానికి తిరుగుడు తప్పుతుందంటారు. ఊరు దాటి ఎక్కడో పొలాల మధ్య ఆ గొడుగు పెడితే, పింఛను కోసం వచ్చే ముసలమ్మకు ఆటో ఖర్చు పెరగడం తప్ప తప్పిందేముంది?

ఇరుగుపొరుగు స్వార్థపరులన్న మాట కూడా నిలబడదు. సర్కారుకు పనికొచ్చినప్పుడు వాళ్ల మాటే సాకవుతుంది. 2017లో నిరసనలు జరిగే ఇందిరాపార్కు ధర్నాచౌక్‌ను ఎత్తేయడానికి సర్కారు చూపిన కారణాల్లో స్థానికుల ఇబ్బంది ఒకటి. అదే కాలంలో సికింద్రాబాద్ బైసన్ పోలో మైదానంలో సచివాలయం వద్దని స్థానికులు మొత్తుకుంటే వినలేదు. రక్షణ శాఖ భూమి చేతికి రాకపోవడం వల్లే ఆ మైదానం దక్కింది. అసెంబ్లీ కోసం ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేయబట్టి ఆ భవనం మిగిలింది. జనం మాట వినే పద్ధతి ఉంటే కోర్టుల దాకా పోయే పని ఉండేదా?

ప్రజాభిప్రాయ సేకరణ నుంచి ఇచ్చిన మినహాయింపును ప్రభుత్వ భవనాలకైనా ఎత్తేయాలి. కూల్చివేతకు విడిగా అనుమతి ఉండాలి. ఉన్న భవనాన్ని బాగుచేస్తే ఎంతవుతుందో, కొత్తది కడితే ఎంతవుతుందో పక్కపక్కన చూపించే నివేదిక తెలుగులో, ఉర్దూలో స్థానిక వార్డు ఆఫీసులో నెల రోజులైనా జనానికి అందుబాటులో ఉండాలి. అభ్యంతరాలకు రాతపూర్వకంగా జవాబిచ్చాకే శంకుస్థాపనకు ముహూర్తం పెట్టాలి.