గోడకి ముహూర్తం తెలియదు

మన ఇళ్లల్లో రంగులు వేయించాలన్న ఆలోచన మామూలు రోజుల్లో ఎవరికీ రాదు. గోడ పెచ్చులూడుతున్నా, పిల్లలు గీసిన బొమ్మలు ఏళ్ల తరబడి వెక్కిరిస్తున్నా "చూద్దాంలే" అంటారు శ్రీవారు. పండగొస్తోందన్నా, పెళ్లి కుదిరిందన్నా మాత్రం హడావిడి మొదలు. సరిగ్గా పది రోజుల ముందు పెయింటర్ని పిలిచి "ఎన్నాళ్లు పడుతుంది?" అని అడుగుతారు. "వారంలో అప్పజెప్పేస్తాను సార్" అంటాడతను. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. వెయ్యడానికి వారం చాలు. ఆరడానికి ఎన్నాళ్లో ఈయన అడగరు, అతను చెప్పడు. ఆ మిగిలిన లెక్క ఇల్లాలి ఖాతాలో పడుతుంది.

ఆ తర్వాత కథ మీకు తెలిసిందే. తలుపు తీస్తే చేతికి జిగట. గోడకి ఆనించిన దివాన్ కాట్ జరిపితే రంగు ఊడి వస్తుంది. ఇల్లంతా వాసన, తలనొప్పి. "పెయింటు నాసిరకం" అని ఒకరు, "పనివాడు మోసం చేశాడు" అని ఇంకొకరు. పాపం, అతని కూలిలో కోత కూడా పడుతుంది. అసలు రంగు ఎలా ఆరుతుందో ఒక్కసారి చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. వంటింట్లో రోజూ చూసే సంగతులే ఇవి.

గోడలకి వేసే ఎమల్షన్ నీళ్లలో కలిపే రంగు. అందులో ఉన్న నీరు గాలిలోకి పోవాలి. నీరు పోతున్నకొద్దీ రంగులోని సన్నటి కణాలు దగ్గరకి జరిగి, ఒకదానికొకటి అతుక్కుని పొర కడతాయి. మబ్బు పట్టిన రోజున మనం వడియాలు పెడతామా? పెట్టం. మరి ముసురు పట్టిన వారంలో గోడకి రంగెందుకు? గాలిలో తేమ 85 శాతం దాటితే రంగు వెయ్యకూడదన్నది ఈ పనిలో అందరూ చెప్పే నియమం. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో వానల్లేని రోజున కూడా గాలి చెమ్మగానే ఉంటుంది. నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలే. మన దసరా, దీపావళి వచ్చేది సరిగ్గా ఈ రోజుల్లోనే!

పైగా లోపలి గోడ. బయటి గోడకి ఎండా గాలీ తగులుతాయి. లోపల ఏముంది? దోమలొస్తాయని కిటికీలు మూసేస్తాం. వానకి ఆరని బట్టలు హాల్లో తాళ్ల మీద వేస్తాం. కుక్కరు ఆవిరి, స్నానాల గది ఆవిరి అన్నీ ఆ గదుల్లోనే తిరుగుతాయి. గోడలోంచి వచ్చిన తేమ పోవడానికి దారి ఉండదు. రంగు మందంగా పూస్తే మరీ కష్టం. లావుపాటి వడియం పైకి ఎండినట్టుండి లోపల పచ్చిగా ఉండదూ? అలాగే పైన పొర కట్టి లోపల తడి మిగిలిపోతుంది. రెండు పూతలు పలచగా వెయ్యాల్సిన చోట టైము లేదని ఒకే మందపు పూత లాగించేస్తే జరిగేది ఇదే.

తలుపులకీ కిటికీ ఊచలకీ వేసే ఎనామిల్ సంగతి వేరు. అందులోని టర్పెంటైను ఆవిరయ్యాక, మిగిలిన నూనె భాగం గాలిలోని ఆక్సిజన్ని మెల్లగా పీల్చుకుని గట్టిపడాలి. వాడకుండా వదిలేసిన నూనె డబ్బా మూత చుట్టూ జిగురులా పేరుకుంటుంది చూడండి, అదీ ఇదీ ఒకే పని. దానికి గంటలు చాలవు. కలిసొస్తుందని టర్పెంటైను బదులు కిరసనాయిలు కలిపితే అది ఇంకా నెమ్మదిగా ఆవిరవుతుంది. వంటింటి గోడ మీద జిడ్డు కడగకుండా పైన రంగు వేస్తే అది సరిగా పట్టదు.

కొత్త ఇళ్లది మరో తంటా. గృహప్రవేశం ముహూర్తం పెట్టేసుకుని, సిమెంటు పూత పచ్చి ఆరకముందే రంగు కొట్టిస్తారు. కొత్త పూతని నాలుగు వారాలైనా వదిలేయాలంటారు. పచ్చి సిమెంటులో క్షారం ఉంటుంది. నూనె రంగు దానికి తగిలితే ఆ నూనె సబ్బుగా మారిపోతుంది. ఇక ఆ గోడ ఎన్నాళ్లయినా జిగటగానే ఉంటుంది.

ఇంకో మాట. తాకితే అంటకపోవడం వేరు, పూర్తిగా ఆరడం వేరు. ఎమల్షన్ మంచి వాతావరణంలో అరగంటా గంటలో చేతికి అంటదు. మరో పూత వెయ్యాలంటే నాలుగు గంటలాగాలి. తడిగుడ్డతో తుడిస్తే ఓర్చుకునేంత గట్టిపడాలంటే రెండు నుంచి నాలుగు వారాలు కావాలి. "ముందే వేయిస్తే పండగ నాటికి మాసిపోతుంది" అంటారు. గట్టిపడిన గోడ మీద మరక తుడిస్తే పోతుంది. పచ్చి గోడ మీద మరక తుడిస్తే రంగే పోతుంది!

ఇదంతా ఒక చీర పాడవడం, ఒక తలుపు అంటుకోవడంతో పోయేదైతే నేనింత రాసేదాన్ని కాదు. నన్ను భయపెట్టేది మన ఇళ్లలో ఒక అలవాటు. కూతురు పురిటికి వస్తోందంటే ఇంటికి రంగులు వేయిస్తారు. పుట్టబోయే బిడ్డకి ఇల్లు ముద్దుగా ఉండాలన్న ప్రేమే అది, కాదనను. కానీ ఆ పిల్ల వచ్చేది ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో. పగలూ రాత్రీ ఆ గదిలోనే ఉండేది తనే. ఆరని ఎనామిల్ వాసన పీల్చేదీ తనే, తర్వాత పసిబిడ్డానూ.

వాసన కన్నా ప్రమాదమైంది పాత రంగు గీకేటప్పుడు లేచే దుమ్ము. ఒకప్పుడు పెయింట్లలో సీసం కలిపేవారు, మెరుపు కోసం, రంగు కోసం, ఇంకా త్వరగా ఆరడం కోసం కూడా. మన తొందర ఎంత విషం తెచ్చిపెట్టిందో చూశారా? ఇళ్లకి వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకి మించకూడదని మన దేశంలో నియమం వచ్చింది 2016లో, అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1 నుంచి. అంతకుముందు పూసిన పొరలు పాత తలుపుల మీద, ఊచల మీద ఇంకా ఉన్నాయి. వాటిని ఉప్పుకాగితంతో రుద్దితే ఆ దుమ్ము నేల మీద పడుతుంది. పాకే బిడ్డ ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది. పసివాళ్ల మెదడుకి హాని చేయని సీసం మోతాదంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అందుకే నేననేదేమిటంటే, రంగులు ఎప్పుడు వేయించాలో తేల్చాల్సింది పొద్దస్తమానం ఆ గోడల మధ్య ఉండే మనిషి. "డబ్బు పెట్టేది ఆయన కదా, బోనసు వచ్చేది పండక్కే కదా" అంటారేమో. డబ్బు దాచుకోవచ్చు. తేమ గాలిని ఆపలేం. సంక్రాంతి వెళ్లాక మనకి పొడి రోజులు బోలెడు. పురిటి గది అయితే పిల్ల రావడానికి నెలన్నర, రెండు నెలల ముందే పని ముగిసిపోవాలి. పాత రంగు పొడిగా గీకకుండా తడిపి రుద్దమనాలి. తర్వాత నేల తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడవాలి. కిటికీలు తెరిచి ఫ్యాను వెయ్యాలి. అంత వ్యవధి లేదా? ఈ ఏటికి గోడలు దులిపి, ముగ్గులూ తోరణాలతో సరిపెట్టుకుందాం. బిడ్డని చూడ్డానికొచ్చిన వాళ్లు గోడలు చూడరు లెండి.

ఈసారి పెయింటర్ గుమ్మంలోకి వచ్చినప్పుడు మీరు వంటింట్లోంచి ఒక్క నిమిషం బయటికి రండి. "ఎప్పటికి వేస్తావు బాబూ" అన్నది శ్రీవారు అడుగుతారు. "ఎప్పటికి ఆరుతుంది?" అన్నది మీరడగండి.