నిత్యసాధన

విద్య యొకసారి పట్టువడిన చాలును, ఇక సాధనతో పని లేదని కొందఱందురు. ఇది పొరపాటు. బిలియర్డ్సు ఆటనే చూడుడు. కఱ్ఱతో బంతిని కొట్టునపుడు చేయి వెంట్రుకవాసి చలించినను గుఱి తప్పును. కొన్ని నాళ్లు మానినచో ఆట తీరు మనసున నుండును గాని, చేయి దానిని మఱచును. మన దేశీయుడైన విల్సన్ జోన్సు 1958లో కలకత్తాలో ప్రపంచ ఔత్సాహిక బిలియర్డ్సు విజేత యయ్యెను. 1964లో న్యూజిలాండులో మరల గెలిచెను. పాత బిరుదము కొత్త యాటలో బంతిని కొట్టదు గదా!

మఱి యెంత సాధన వలయును? నేర్చుటకు పట్టినంత శ్రమ నిలుపుకొనుటకు పట్టదు. కాని బొత్తిగా మానరాదు. నా యభిప్రాయమున, వారమున కొకనాడు పగలెల్ల ఆడుటకంటె దినమున కొక గంట మేలు. బాలలారా! మీ చేతివ్రాతయు, గణితమును ఇట్టివే.